చంటిబిడ్డ నిద్రపోయాక

అబుదాబి దీవి వదిలి వంతెన దాటి వెళ్తే ముసఫా వస్తుంది. వర్క్‌షాపులు, గోదాములు, వరసగా ఆగిన లారీలు. దాన్ని ఆనుకునే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ. కాగితాల మీద పేరు ఇంత పొడుగ్గా ఉన్నా అక్కడి తెలుగువాళ్ల నోట అది ‘ఎంబీజెడ్’, కొందరికి ‘షాబియా’. వీధి పేరుతో పనిలేదు, షాబియా తొమ్మిది, షాబియా పది అని అంకెతోనే అడ్రసు చెప్పేస్తారు. ఇసుక నేల మీద చూస్తుండగా లేచిన ఊరు. పాత ఇళ్లు లేవు, పాత చెట్లు లేవు. పక్కవీధిలో అమ్మమ్మ లేదు.

ఎండాకాలం అక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర మొదలు మూడింటి వరకు ఆరుబయట పనే చేయించకూడదని చట్టం. పెద్దవాళ్లకే అలా ఉంటే రెండేళ్ల పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. ఏసీ గది, సోఫా, టీవీ, సాయంత్రమైతే మాల్. గోడకు క్రేయాన్ గీతలు. ఇలాంటి ఫ్లాటులో ఉండి, పొద్దున ఆఫీసుకెళ్లి, వచ్చాక బిడ్డకు అన్నం తినిపించి, ఆపైన తెలుగులో ఒక కథ రాయాలనుకునే మనిషికి వీలు ఎక్కడ దొరుకుతుంది?

ఇది గల్ఫ్‌లో పుట్టిన ప్రశ్న కాదు. తెలుగు కథతో పాటే పుట్టింది.

1902లో ‘హిందూసుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ అనే కథ వచ్చింది. రాసినావిడ భండారు అచ్చమాంబ. గురజాడ ‘దిద్దుబాటు’కు ఎనిమిదేళ్లు ముందే వచ్చిన ఈ కథను తెలుగులో తొలి కథగా చాలామంది ఒప్పుకుంటున్నారు. అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. భర్త మాధవరావుది మధ్యపరగణాల్లో ఇంజనీరు ఉద్యోగం. అంటే ఆమె కాపురం తెలుగునేలకు దూరంగా, హిందీ, మరాఠీ మాట్లాడే ఊళ్లలో సాగింది. చదువుకోవడానికి అక్క దగ్గరికి వచ్చి ఉన్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని ఆమె కూడా అక్షరాలు దిద్దుకున్నారు. భర్త ఉద్యోగం ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ కాపురం పెట్టి, పరాయి భాషల మధ్య తెలుగులో రాసిన ఇల్లాలు. ఈ మాటల్లో అబుదాబి వాసన తగలడం లేదూ!

అచ్చమాంబకు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ పసితనంలోనే పోయారు. ఆ దుఃఖంలోంచే ఆమె స్త్రీల జీవితచరిత్రల సంపుటం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పనిలో పడ్డారనీ, అనాథ పిల్లల్ని దగ్గరకు తీసి పెంచారనీ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1905లో, ముప్ఫై ఏళ్లకే ఆమె కూడా వెళ్లిపోయారు. ఆమె ఎన్ని కథలు రాశారో మనం లెక్కపెట్టుకున్నాం. పిల్లలు బతికి ఉన్న రోజుల్లో ఏ వేళ కలం పట్టేవారో మాత్రం ఎవరూ అడిగి రాసిపెట్టలేదు.

ఆ తర్వాత పత్రికలు పెరిగాయి. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ మాసపత్రిక మొదలుపెట్టారు. లోధ్ర మందుతో సంపాదించినదాంట్లో కొంత ఆడవాళ్ల రాతలకు ఖర్చుపెట్టిన మనిషి ఆయన. 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగారు. మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మకు దక్కింది. ‘శారద లేఖలు’ పేరిట ఆమె రాసినవి ఉత్తరాల రూపంలో ఉన్న వ్యాసాలు. ఉత్తరం అనే రూపాన్నే ఆమె ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఉత్తరాన్ని మధ్యలో ఆపొచ్చు, పాలు పొంగితే లేచి వెళ్లొచ్చు, మళ్లీ వచ్చి అందుకోవచ్చు. పద్యకావ్యానికి ఆ సౌకర్యం లేదు.

నాటి ఇంట్లో బిడ్డను చూసేవాళ్లకు కొదవ లేదన్నది నిజమే. అత్తగారు, ఆడపడుచులు, వితంతువై పుట్టింటికి చేరిన మేనత్త, చీర ఉయ్యాల ఊపే పెద్దపిల్ల. నలుగు పెట్టి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసేది ఒకరు, ఉగ్గు పెట్టేది ఒకరు. అలాగని కోడలి చేతికి తీరిక వచ్చిందనుకుంటే పొరపాటు. ఆ చేతులు పదిహేను మంది వంటకు వెళ్లాయి. ఉమ్మడి కుటుంబం బిడ్డను మోసింది కానీ రాసుకునే గంటను ఎవరికీ ఊరికే ఇవ్వలేదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో ఆడమనిషి నవల రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌన్ల రాబడి ఉండాలన్నారు. గది సంగతి సరే. ఆ లెక్కలో చంటిబిడ్డ లేడు.

లెక్కలో బిడ్డ ఉన్న మనిషిని చూడాలంటే కలకత్తా వెళ్లాలి. బడి ముఖం చూడని ఆశాపూర్ణాదేవి పదిహేనో ఏట పెళ్లి చేసుకుని, ముగ్గురు పిల్లల్ని పెంచి, ఇంటిపని ముగించుకుని రాసి, 1976లో జ్ఞానపీఠం అందుకున్న తొలి మహిళ అయ్యారు. న్యూయార్క్‌లో టోనీ మోరిసన్ ఇద్దరు మగపిల్లల్ని ఒంటరిగా పెంచుతూ, రాండమ్ హౌస్‌లో ఎడిటర్ ఉద్యోగం చేస్తూ తెల్లారకముందే లేచి రాసుకునేవారు. ఆమె మొదటి నవల 1970లో వచ్చేసరికి ఆమెకు 39 ఏళ్లు.

తెలుగులో 1960, 70 దశకాలు రచయిత్రులవి. వారపత్రిక వచ్చే రోజున ఇంట్లో దానికోసం తగువులు పడిన కాలం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి ఆ గాలికి తెరతీసింది. 1976లో సినిమా కూడా అయింది. అందులో నాయిక జయంతి ఆఫీసుకెళ్లే అమ్మాయి. ఆత్మాభిమానం ఉన్న పిల్ల. తెలుగు ఆడపిల్లలు తమను తాము ఆమెలో చూసుకున్నారు. అయితే కథ నాయకుడు రాజశేఖరంతో ముడిపడే చోట ఆగిపోతుంది. మరో రెండేళ్లకు చంకలో బిడ్డతో జయంతి ఉద్యోగం ఏమయిందో చెప్పే నవలను ఆ రోజుల్లో ఏ సంపాదకుడూ అడిగినట్టు లేదు.

సీరియల్ అనే పద్ధతి మాత్రం ఆ రచయిత్రులకు అచ్చివచ్చింది. వారానికి కొన్ని పేజీలు, గడువు తప్పదు, పోస్టులో పంపితే చాలు. చదివే ఇల్లాలికీ అంతే తీరిక, రాసే ఇల్లాలికీ అంతే తీరిక. తెలుగు నవల ఆ ఇరవై ఏళ్లలో ముక్కలు ముక్కలుగా రావడానికి పత్రికల వ్యాపారం ఒక కారణమైతే, పిల్లల మధ్యాహ్నపు నిద్ర రెండో కారణం. విమర్శకులు మొదటిదాని గురించి చాలా రాశారు.

ఇక మగ రచయితలు. వాళ్ల పరిచయాల్లో ఉద్యోగం తప్పకుండా కనిపిస్తుంది. పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆయన ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలిచింది. రావిశాస్త్రి వకీలు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ను నడిపారు, ఊళ్లో పిల్లలందరినీ నిద్రపుచ్చే పని అది. కాళీపట్నం రామారావు విశాఖపట్నం సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో 31 ఏళ్లు పాఠాలు చెప్పారు. 1948లో చేరి 1979లో దిగిపోయారు. ఈ వివరాలన్నీ తెలుగు పాఠకుడికి కంఠతా వచ్చు. వీళ్లు కలం పట్టుకున్న సాయంత్రాల్లో ఇంట్లో చంటివాళ్లను ఎత్తుకున్నదెవరో ఏ పరిచయమూ చెప్పదు. చలం ఒక్కరే కాస్త మినహాయింపు. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ఆయన పిల్లల పెంపకం మీద ‘బిడ్డల శిక్షణ’ అని ఏకంగా పుస్తకమే రాశారు. మగ రచయితకు ఇది కూడా రాయదగ్గ విషయమే అని ఆయనకు తోచింది.

ఆఫీసూ ఇల్లూ రెండూ మోసే ఆడమనిషి కథల్లోకి సూటిగా వచ్చింది అబ్బూరి ఛాయాదేవి వల్ల. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పనిచేసిన ఛాయాదేవి ‘సుఖాంతం’ అనే కథ రాశారు. అందులో ఇల్లాలికి కావలసింది నగలు కాదు, చీరలు కాదు, కంటినిండా నిద్ర. అంత చిన్న కోరిక తీరడానికి జీవితకాలం చాలదు. చంటిపిల్లల్ని పెంచిన ఎవరైనా ఆ కథ చదివి నవ్వలేరు. 1990లో వచ్చిన పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ అంతకంటే మెత్తగా గాయం చేస్తుంది. ఇల్లు అలికి ముగ్గు పెట్టుకునే ఇల్లాలు ఒకరోజు తన పేరు మర్చిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు, మొగుడికి ఏమేవ్. పేరు వెతుక్కుంటూ పుట్టిన ఊరికి వెళ్తే చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలుస్తుంది. విజయవాడలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, ఇల్లు నడుపుతూ సత్యవతి ఇది రాశారు. ఆ కథ ఎన్ని భాషల్లోకి వెళ్లిందో చూస్తే ఆ మతిమరుపు ఆంధ్రదేశానికే పరిమితం కాదని తెలుస్తుంది.

చట్టం నెమ్మదిగా నడిచింది. మన దేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగినికి 12 వారాల సెలవు ఇచ్చింది. 26 వారాలు కావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ మొదటి ఇద్దరు పిల్లలకే. 50 మంది, అంతకుపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

అబుదాబి లెక్క వేరు. చమురు మొదటిసారి ఓడెక్కింది 1962లో. 1971లో ఎమిరేట్లు కలిసి ఒక దేశమయ్యాయి. 1980 కార్మిక చట్టం తల్లికి 45 రోజుల సెలవు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రైవేటు ఉద్యోగినికి దాన్ని 60 రోజులు చేసింది, 45 రోజులు పూర్తి జీతంతో, 15 రోజులు సగం జీతంతో. తండ్రికీ ఐదు పనిదినాల సెలవు ఇచ్చింది. ఆఫీసుకు తిరిగొచ్చాక, బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు ఒక గంట. అరవై రోజుల బిడ్డకు మెడ కూడా సరిగ్గా నిలబడదు. కాబట్టి ఎంబీజెడ్‌లో ఉద్యోగం చేసే తెలుగు తల్లి ముందుగా చేసే పని కథ రాయడం కాదు, అమ్మకో అత్తగారికో విజిట్ వీసా తీయించడం. అమ్మమ్మ వస్తుంది, ఉగ్గుగిన్నె తెస్తుంది, కారప్పొడి తెస్తుంది. వీసా గడువు తీరగానే వెళ్లిపోతుంది. ఒకప్పుడు పెరటి గుమ్మంలో కూర్చున్న సాయం ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్రగా వస్తోంది.

ఇంకో చిన్న సంగతి. తెలుగు కథకు సొంతిల్లు ఆదివారం అనుబంధం. ఎమిరేట్లలో మాత్రం 2006 దాకా వారాంతం గురు, శుక్రవారాలు. తర్వాత శుక్ర, శనివారాలు. 2022 జనవరిలో శని, ఆదివారాలకు మారేవరకూ అక్కడ ఆదివారం అంటే ఆఫీసు రోజు. ఊళ్లో నాన్నగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కథ చదివే పూట, అబుదాబిలో కొడుకూ కూతురూ బస్సులో ఉండేవాళ్లు. రాసింది అచ్చయిన రోజున కూడా దాన్ని చూసుకోవడానికి సాయంత్రం దాకా ఆగాలి.

ఫోను వచ్చాక రాత తీరు మారింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల మీద తెలుగు ధారావాహికలు భాగాలు భాగాలుగా వస్తున్నాయి. బిడ్డను ఒక భుజాన వేసుకుని, ఇంకో చేతి బొటనవేలితో టైపు చేసే కథలు అవి. వాటిలో చాలావాటికి భాష పలచన, మలుపులు అరిగిపోయినవి. అయినా ఆ మాట 1970ల సీరియళ్ల గురించి కూడా పెద్దలు అన్నదే.

బిడ్డను చూసుకోవడమూ ఫోనులోకే వచ్చింది. ఎమిరేట్లలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు గనక తెలుగు ఇళ్లు ‘బోటిమ్’ మీద మాట్లాడుకుంటాయి. షాబియాలో సాయంత్రం ఆరయ్యేసరికి గుంటూరులో ఏడున్నర. నాయనమ్మ దీపం పెట్టి, ఫోను ముందు కూర్చుని, చందమామను చూపించి కథ చెబుతుంది. బిడ్డ తెరవైపు నోరు తెరిచి చూస్తుంటే తల్లి ఇవతలినుంచి ముద్ద పెడుతుంది. సిగ్నల్ ఆగితే నాయనమ్మ నోరు తెరిచినట్టే నిలిచిపోతుంది, బిడ్డ నోరు మూసేస్తాడు. ఆ అరగంట బాగా సాగిన రోజున పక్కగదిలో తండ్రో తల్లో ఒక పేజీ రాసుకోగలరు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన కథానిలయంలో తెలుగు కథలు వేలల్లో పోగయ్యాయి. వాటికి రచయిత పేరు, పత్రిక పేరు, తేదీ దొరుకుతాయి. రచయిత పరిచయాలు రాసేవాళ్లకు, పుస్తకాలకు ముందుమాటలు రాసేవాళ్లకు, ముఖ్యంగా ఇంకా మాట్లాడగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మనవి. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, అవార్డులు రాసిన తర్వాత మరో వాక్యం చేర్చండి: ఈ కథలు రాస్తున్నప్పుడు పిల్లల్ని ఎత్తుకున్నది ఫలానావారు, వారి పేరు ఇది.