జాన్ పార్కర్ బోయ్డ్

జాన్ పార్కర్ బోయ్డ్ (డిసెంబరు 21, 1764 - అక్టోబరు 4, 1830) అమెరికా సైన్యాధికారి. ఇతడు హైదరాబాదు నిజాము కొలువులో పనిచేసి, తరువాత స్వదేశం చేరి 1812-15 నాటి బ్రిటిష్-అమెరికా యుద్ధంలో బ్రిగేడియర్ జనరల్‌గా పాల్గొన్నాడు.

తొలి జీవితం
బోయ్డ్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూబరీపోర్ట్‌లో జన్మించాడు. 1786లో సైన్యంలో చేరాడు. స్వాతంత్ర్య యుద్ధం ముగియడంతో అమెరికా సైన్యం బాగా తగ్గిపోయింది. పైకి ఎదిగే అవకాశం లేక 1789లో భారతదేశానికి వచ్చాడు.

హైదరాబాదులో
మద్రాసు నుండి సుమారు 450 మైళ్ళు ప్రయాణించి బోయ్డ్ హైదరాబాదు చేరాడు. నిజాం అలీ ఖాన్ (రెండవ అసఫ్ జా) ఇతనికి ఒక్కొక్క దానిలో 500 మంది గల రెండు పటాలాలను అప్పగించాడు.

ఆ కాలంలో నిజాము సైన్యంలో ఫ్రెంచి సేనాని రేమండ్‌దే పైచేయి. అతడు నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం (తోప్ కా సాంచా) వల్లనే, నాంపల్లి నుండి అబిడ్స్ మీదుగా బషీర్‌బాగ్ వైపు వెళ్ళే దారిలోని ప్రాంతానికి గన్‌ఫౌండ్రీ అని పేరు వచ్చింది. 1795లో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో నిజాము ఓడిపోయాడు. తటస్థంగా ఉండిపోయిన ఆంగ్లేయులపై ఆగ్రహించి రేమండ్ దళాన్ని పెంచాడు. దీనికి కలవరపడిన బ్రిటిష్ రెసిడెంటు, రేమండ్‌కు పోటీగా బోయ్డ్, ఫింగ్లాస్ అనే అధికారుల దళాలను ప్రోత్సహించాడు. బోయ్డ్ దళంలో అప్పుడు సుమారు 1,800 మంది ఉన్నారు. అమెరికా తిరుగుబాటు చేసి విడిపోయిన దేశమే అయినా, ఇక్కడ ఆ దేశస్థుడే ఆంగ్లేయుల ఎత్తుగడలో పావు అయ్యాడు.

1796 నాటికి బోయ్డ్ నిజాము కొలువు వదలి పీష్వా కొలువులో చేరాడు. అతని దళంలోని ఆయుధాలు, ఫిరంగులు, ఏనుగులు అతని సొంత ఆస్తి. వాటితో సహా దళాన్ని సంస్థానాధీశులకు అద్దెకిచ్చేవాడు. చివరకు సింధియా కొలువులోని ఒక ఇటాలియన్ అధికారికి అమ్మివేశాడు. హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని 1798 అక్టోబరులో ఆంగ్లేయులు నిరాయుధం చేశారు.

అమెరికా యుద్ధాలలో
1808లో బోయ్డ్ అమెరికా 4వ పదాతి దళానికి కల్నల్ అయ్యాడు. 1811 నవంబరు 7న విలియం హెన్రీ హారిసన్ నాయకత్వంలో టిప్పెకనూ యుద్ధంలో పోరాడాడు. ఆదివాసీ నాయకుడు టెకుంసే ఆ సమయంలో అక్కడ లేడు. యుద్ధం మరునాడు అమెరికన్లు ఆదివాసీల గ్రామాన్ని తగులబెట్టారు.

1813 మే 27న ఫోర్ట్ జార్జ్‌ను పట్టుకోవడంలో బోయ్డ్ ఒక బ్రిగేడును నడిపాడు. అదే సంవత్సరం నవంబరు 11న, సర్వసేనాని విల్కిన్సన్ అస్వస్థుడు కావడంతో, క్రిస్లర్స్ ఫార్మ్ యుద్ధంలో సైన్యాధిపత్యం ఇతనిపై పడింది. దాదాపు 900 మంది బ్రిటిష్ పక్షం చేతిలో అంతకు రెట్టింపుకు మించిన అమెరికా సైన్యం ఓడిపోయింది. మాంట్రియల్ ముట్టడి ఆలోచన ఆగిపోయింది. దళాలను విడివిడిగా యుద్ధంలోకి దింపాడని బోయ్డ్ విమర్శల పాలయ్యాడు.

చివరి దశ
1815లో ఇతనిని సైన్యం నుండి తప్పించారు. మరుసటి సంవత్సరం తనను సమర్థించుకుంటూ యుద్ధపత్రాలను ప్రచురించాడు. 1830లో బోస్టన్ రేవులో అధికారిగా నియమితుడై, అదే సంవత్సరం అక్కడే మరణించాడు. సహసేనాని రేమండ్ సమాధి హైదరాబాదులోని అస్మాన్‌గఢ్ వద్ద ఉండగా, బోయ్డ్ ఇక్కడ గడిపిన సంవత్సరాలు ఎక్కువ మందికి తెలియవు.