పేరు ముందా, పాట ముందా?

సాయంత్రంపూట నారాయణగూడ చౌరస్తా నుంచి ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వైపు నడిచి రండి. దారిలో చిక్కడపల్లి వస్తుంది. అక్కడ 1966లో మొదలైన త్యాగరాయ గానసభ ఉంది. దానికి దగ్గరలోనే నగర కేంద్ర గ్రంథాలయం. గానసభలో తబలా శ్రుతి చేస్తుంటారు. గ్రంథాలయంలో పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాల మీద వంచిన తల ఎత్తరు. ఇంకో నాలుగడుగులు వేస్తే అశోక్ నగర్, కోచింగ్ సెంటర్ల బోర్డులు. మన ఇళ్ళలో తల్లి మనసూ అచ్చం ఈ పేటలాగే ఉంటుంది. ఒక పక్క పాట, ఒక పక్క పరీక్ష. అబ్బాయి గిటారు కొనిపెట్టమన్నా, అమ్మాయి ఆర్కెస్ట్రాలో పాడతానన్నా, “పాట కూడు పెడుతుందా?” అన్న మాట ముందు మన నోట్లోంచే వస్తుంది.

అందుకని ఇవాళ రెండు బృందాల కథ చెబుతాను. ఒకటి మన మద్రాసు తెలుగువాళ్ళది, ఒకటి ఎక్కడో మంచుదేశం కెనడాది. రెండూ 1960ల నాటివే. ఒకదాని ఊసు ఒకదానికి తెలియదు. అయినా రెండింటి కష్టసుఖాలూ ఒక్క తీరుగానే నడిచాయి.

ముందు కెనడా సంగతి. విన్నిపెగ్ అనే ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు కలిసి రాక్ అండ్ రోల్ పాటలు వాయించేవారు. చాడ్ అలెన్ పాడేవాడు, రాండీ బాక్‌మన్ గిటారు, జిమ్ కేల్ బేస్ గిటారు, గారీ పీటర్సన్ డ్రమ్ములు. 1965లో వాళ్ళు “షేకిన్ ఆల్ ఓవర్” అని ఒక రికార్డు ఇచ్చారు. అప్పుడు లోకమంతా ఇంగ్లండు బృందాల మోజులో ఉంది. స్వదేశపు కుర్రాళ్ళ రికార్డంటే కెనడా రేడియోవాళ్ళకే చిన్నచూపు. అందుకని రికార్డు కంపెనీవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. లేబులు మీద బృందం పేరు వేయకుండా “గెస్ హూ?” అని మాత్రం అచ్చు వేశారు. అంటే, “ఎవరో చెప్పుకోండి చూద్దాం!” అని. విన్నవాళ్ళు ఇంగ్లండు బృందమే అయి ఉంటుందనుకున్నారు. పాట కెనడాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అసలు పేరు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆ పొడుపుకథే వాళ్ళ పేరైపోయింది.

చూశారా! పుట్టిన గడ్డ మీద తమ పాట వినిపించడానికి తమ పేరు దాచుకోవలసి వచ్చింది.

మరి మన దగ్గరో? మన రేడియోకీ పట్టింపులుండేవి. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని గుమ్మం బయటే ఆపేసింది. మన గమకాలు ఆ పెట్టెలో పలకవని పెద్దల అభిప్రాయం. 1970ల మొదట్లో గానీ ఆ పట్టు సడలలేదు. 1952లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ గారి హయాంలో సినిమా పాటలకూ గడ్డుకాలం వచ్చింది. జనం సిలోన్ రేడియో వైపు తిరిగారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైతే గానీ వాళ్ళు తిరిగి రాలేదు. ఇంట్లో గ్రామఫోను లేనివాళ్ళకి ఇష్టమైన పాట కావలసినప్పుడు వినే వీలేదీ? ఆ లోటు తీర్చినవాళ్ళే ఊరూరా తిరిగిన లైట్ మ్యూజిక్ ట్రూపులవాళ్ళు. పెళ్ళి పందిట్లో, కాలేజీ వార్షికోత్సవంలో, వినాయక చవితి పందిరిలో ఒక హార్మొనీ, ఒక గిటారు, ఒక జత డ్రమ్ములు, ఒక గొంతు. అంతే!

అలాంటి ట్రూపు ఒకటి 1960ల చివర మద్రాసులో ఉండేది. పాడేది, నడిపేది ఇంజనీరింగు చదువుకుంటున్న తెలుగు కుర్రాడు. పేరు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరు ప్రాంతంలో పేరున్న హరికథకులు. అయినా కొడుకు ఇంజనీరు కావాలనే ఆ ఇంటి ఆశ. కుర్రాడు అనంతపురం ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. టైఫాయిడ్ వచ్చి అక్కడి చదువు మానేయవలసి వచ్చింది. మద్రాసు వచ్చి ఎ.ఎం.ఐ.ఇ.లో చేరాడు. 1964లో అక్కడ ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో మొదటి బహుమతి అందుకున్నాడు. ఆ గొంతు సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడింది. 1966 డిసెంబరు 15న “శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న” కోసం బాలు మొదటి సినిమా పాట రికార్డయింది. మన గానసభ పుట్టిన ఏడే ఈ గొంతు కూడా సినిమాకి పుట్టిందన్నమాట.

ఒక్క పాటతో పొయ్యి మీద కుండ ఉడకదు కదా! ట్రూపు నడుస్తూనే ఉంది. అందులో హార్మోనియం మీద అనిరుత్త, తాళవాద్యాల మీద భాస్కర్, గిటారు మీద భాస్కర్ తమ్ముళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో పెద్దవాడు కొంతకాలానికి హార్మోనియం కూడా అందుకున్నాడు. ఆయనే తరవాత ఇళయరాజా అయ్యాడు. చిన్నవాడు గంగై అమరన్. తమిళనాడులోని పణ్ణైపురం నుంచి వచ్చిన అన్నదమ్ములు వాళ్ళు. పద్నాలుగో ఏటి నుంచే అన్న పావలర్ వరదరాజన్ బృందంతో పల్లెలు తిరిగిన అనుభవం ఇళయరాజాది. మద్రాసులో ధనరాజ్ మాస్టరు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటూ, జి.కె. వెంకటేశ్ గారి దగ్గర సహాయకుడిగా పనిచేస్తూ కాలక్షేపం చేశాడు. 1976లో “అన్నక్కిళి” వచ్చేదాకా ఆయన పేరు తెర మీద సంగీత దర్శకుడిగా పడలేదు.

అలా ఎదురుచూసే రోజులు కెనడా కుర్రాళ్ళకీ తప్పలేదు. 1966లో చాడ్ అలెన్ వెళ్ళిపోయాడు. బర్టన్ కమింగ్స్ అనే కొత్త గొంతు వచ్చింది. 1967లో ఇంగ్లండు వెళితే అక్కడ అనుకున్న కచేరీలు కుదరక, అప్పులతో ఇంటిముఖం పట్టారు. ఆదుకున్నది వాళ్ళ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థే. వారం వారం టెలివిజన్‌లో ఇతరుల హిట్ పాటలు వాయించే పని ఇచ్చింది. మన ట్రూపులు చేసే పని కూడా అదే కదా! ఆ పని చేస్తూనే చేయి తిరిగింది. తరవాత జాక్ రిచర్డ్‌సన్ అనే నిర్మాత తన ఇల్లు తాకట్టు పెట్టి వాళ్ళ రికార్డుకు డబ్బు సర్దాడు. 1969లో “దీజ్ ఐస్” అమెరికాలో మారుమోగింది. 1970 మేలో “అమెరికన్ వుమన్” అక్కడ మొదటి స్థానానికి చేరింది. ఆ మరుసటి ఏడు, 1971లో, కెనడా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. రేడియో స్టేషన్లు వేసే పాటల్లో నూటికి 30 స్వదేశానివి కావాలని. ఇక తరవాతి పిల్లలకి పేరు దాచుకునే అవసరం తప్పింది.

మనవాళ్ళ కథకి వద్దాం. 1983లో మన తెలుగు సినిమా “సాగరసంగమం” వచ్చింది. దానికి ఉత్తమ సంగీత దర్శకుడిగా ఇళయరాజాకి, ఉత్తమ గాయకుడిగా బాలుకి, ఇద్దరికీ జాతీయ బహుమతులు దక్కాయి. పందిళ్ళలో పక్కపక్కన నిలబడి ఇతరుల పాటలు వినిపించినవాళ్ళు ఒకే సినిమాతో ఢిల్లీ మెట్లెక్కారు. ఇక్కడితో ఆపితే కమ్మని కథే. కానీ బతుకు పాటలాగా పల్లవి దగ్గర ఆగదు.

2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు వకీలు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఆయన పాటలు పాడకూడదని. అభిమానులు రెండు వర్గాలయ్యారు. “గొంతు ఇచ్చినవాడికే పాట లేదా?” అన్నారు కొందరు. “బాణీ కట్టినవాడి కష్టానికి విలువ లేదా?” అన్నారు ఇంకొందరు. నాకైతే రెండు మాటలూ న్యాయంగానే తోచాయి. ఏళ్ళ తరబడి బాణీ కట్టినవాడికీ, పాట రాసినవాడికీ ఒక్కసారి పారితోషికం చేతిలో పెట్టి, హక్కులన్నీ ఇతరులు పట్టుకుపోయేవారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక గానీ రాబడిలో వాళ్ళ వాటాకి గట్టి ఆధారం దొరకలేదు. ఆ అన్యాయం నిజమే. పందిట్లో ఒకే ఆకులో తిన్న స్నేహితుడికి కాగితం వస్తే గుండె కలుక్కుమనడమూ నిజమే. బాలు ఆ పాటలు పాడనన్నారు, గొడవ పెంచలేదు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. మరుసటి ఏడు బాలు కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉంటే, త్వరగా లేచి రమ్మని ఇళయరాజా వేడుకున్నారు. 2020 సెప్టెంబరు 25న బాలు వెళ్ళిపోయారు. మధ్యలో పోయిన ఆ రెండేళ్ళు ఎవరు తిరిగి తెచ్చి ఇస్తారు?

కెనడావాళ్ళకి ఈ పేచీ పేరు మీద వచ్చింది. 2023లో బాక్‌మన్, కమింగ్స్ ఇద్దరూ తమ పాత మిత్రులు కేల్, పీటర్సన్‌ల మీద వ్యాజ్యం వేశారు. అసలు మనుషులు లేని బృందాన్ని పాత పేరుతో నడిపిస్తున్నారని. 2024లో రాజీ కుదిరి ఆ పేరు బాక్‌మన్, కమింగ్స్‌లకి దక్కింది. ఒకప్పుడు ఊరికే పొడుపుకథగా అచ్చు వేసిన రెండు మాటల కోసం ముసలితనంలో కోర్టు గుమ్మం!

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, పాట కూడు పెడుతుందా అని అడగడం తప్పు కాదు. బాలు కూడా పాటని నమ్ముకునేదాకా పుస్తకం వదల్లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో ఊరుకోకండి. మీ పిల్లలు ఆర్కెస్ట్రాలో చేరితే ఇంకో మూడు అడగండి. పాటకి వచ్చిన డబ్బు ఎలా పంచుకుంటారు? బృందం పేరు ఎవరిది? ఎవరైనా మానేస్తే ఏం చేస్తారు? స్నేహం గట్టిగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోమనండి. పెళ్ళి మాటలప్పుడు తాంబూలాలు పుచ్చుకోమూ? అది అనుమానంతో చేసే పని కాదు, తరవాత మనసులు విరగకుండా చేసుకునే పని.

ఇంకొక్క మాట. ఈసారి గానసభకి వెళ్ళినప్పుడు పాట అయిపోగానే లేచి రాకండి. పక్క వాయిద్యాల వాళ్ళ పేర్లు చదివేదాకా కూర్చోండి. చదవకపోతే అడగండి. మూలన గిటారు పట్టుకుని తలవంచుకు కూర్చున్న ఆ కుర్రాడెవరో మీకు తెలియకపోవచ్చు. 1960ల చివర మద్రాసు పందిళ్ళలో కూర్చున్నవాళ్ళకీ తెలియలేదు.