ఎనిమిది కళల తేడా

జోహన్నెస్ కెప్లర్ అంటే మనకి స్కూల్లో చదువుకున్న మూడు సూత్రాలే. అవి ఎలాంటి బుర్రలోంచి వచ్చాయో ఏ పుస్తకమూ చెప్పలేదు. అసలతను పాస్టరు అవుదామని ట్యూబింగెన్‌లో మతశాస్త్రం చదువుకున్నవాడు. గ్రాట్స్ ఊళ్ళో లెక్కల మాస్టారు కావాల్సివచ్చి, 1594లో అతన్ని అక్కడికి పంపించారు.

1596లో వచ్చిన అతని మొదటి పుస్తకంలో ప్రధానమైన ప్రశ్న: గ్రహాలు ఆరే ఎందుకున్నాయి? (అప్పటికి తెలిసినవి ఆరే.) క్యూబులాగా ముఖాలూ అంచులూ మూలలూ అన్నీ ఒకేలా ఉండే ఘనాకృతులు అయిదే సాధ్యమని గ్రీకుల కాలంనుంచీ తెలుసు. ఆరు గోళాల మధ్య అయిదు ఖాళీలు, వాటికి అయిదు ఆకృతులు! దేవుడు లెక్క లేకుండా లోకాన్ని కట్టడని అతని నమ్మకం. ఊహ అందమైనదే, కానీ తప్పు.

అదే పుస్తకంలో విశ్వాన్ని క్రైస్తవ త్రిత్వానికి ప్రతిరూపంగా చూశాడు. మధ్యలో సూర్యుడు తండ్రి, నక్షత్రాల గోళం కుమారుడు, నడుమనున్న చోటు పరిశుద్ధాత్మ. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది. కానీ సూర్యుడికి అంత పెద్దపీట వేశాడు కాబట్టే, గ్రహాలను తిప్పుతున్నది సూర్యుడేనేమో, దూరంగా ఉన్నవి మెల్లగా తిరిగేది అందుకేనేమో అని ఆలోచించగలిగాడు. ఆ తిప్పేదాన్ని మొదట 'ఆత్మ' అన్నాడు. 1621లో అదే పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేస్తూ, ఆత్మ అన్నచోట 'బలం' అని చదువుకోమని వివరణ రాశాడు. భౌతికశాస్త్రం ఖగోళంలోకి అడుగుపెట్టిన దారి ఇదే.

1601లో టైకో బ్రాహీ పోయాక అతని పరిశీలనలు కెప్లర్ చేతికొచ్చాయి. కుజుడి కక్ష్యని వృత్తంగా తీసుకుని ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాడు. చివరికి తేడా ఎనిమిది కళలకి వచ్చింది. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ఎనిమిది కళలంటే ఆకాశంలో చందమామ వెడల్పులో సుమారు పావు వంతు. నాలాంటి ఇంజినీరైతే 'టాలరెన్స్ లోపలే ఉందిలే' అని కోడ్ రిలీజ్ చేసేస్తాడు. కెప్లర్ మాత్రం అంత నిక్కచ్చి పరిశీలకుడిని ఇచ్చింది దేవుడే కాబట్టి, ఆ తేడాని పట్టించుకోకపోవడం కృతఘ్నత అనుకున్నాడు. రెండువేల ఏళ్ళుగా పూజలందుకున్న వృత్తాన్నే పక్కన పెట్టేశాడు. 1609లో దీర్ఘవృత్తం వచ్చింది.

చర్చి దగ్గరా ఇదే మొండితనం. క్యాథలిక్‌గా మారనన్నందుకు 1600లో గ్రాట్స్ నుంచి వెళ్ళగొట్టారు. లూథరన్ల విశ్వాసపత్రంలో ఒప్పుకోలేని మాటలున్నాయని సంతకం పెట్టకపోతే, 1612లో లింట్స్‌లో సొంత చర్చివాళ్ళే ప్రభురాత్రి భోజన సంస్కారానికి రానివ్వలేదు.

అలాగని అతని విశ్వాసం ప్రతిసారీ లెక్కకి తలవంచిందనీ కాదు. ఆ అయిదు ఆకృతుల్ని చివరిదాకా వదల్లేదు. సైన్సు వేరు, భక్తి వేరు అని గీత గీసి కెప్లర్‌ని సగం ఉంచుకోవడం మనకి సులువే. కానీ ఎనిమిది కళల్ని వదలనివాడూ, ఆ అయిదింటిని వదల్లేనివాడూ ఒక్కడే.