అడ్వాన్సు మీద నడిచే ఊళ్లు

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. నాగర్‌కర్నూల్‌కు రాజూ లేడు, ప్యాలెసూ లేదు. అది నిజాం నేరుగా ఏలిన దివానీ ఊరు. ఒకప్పుడు జిల్లా కేంద్రంగా వెలిగినా 1880లలో ఆ హోదా పాలమూరుకు తరలిపోయింది. తిరిగి దక్కింది 2016 అక్టోబరు 11న. గద్వాల, వనపర్తి కూడా జిల్లా కేంద్రాలైంది ఆ రోజే. నిన్నమొన్నటి దాకా పాలమూరు జిల్లాలో తాలూకా ఊళ్లుగా ఉన్న ఈ మూడూ దేనిమీద బతికాయని అడిగితే అందరూ పంటల పేర్లే చెబుతారు. నన్నడిగితే అడ్వాన్సు మీద బతికాయంటాను.

ముందు నీళ్ల సంగతి. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. సోమనాద్రి 1710 ప్రాంతంలో కోట కట్టించి సంస్థానాన్ని నిలబెట్టింది ఇక్కడే. అటూ ఇటూ రెండు నదులు పారుతున్నా చెలకలకు వానే దిక్కు. వనపర్తి సంస్థానాధీశులు కాస్త ముందుచూపుతో చెరువులు తవ్వించి వాటికి సముద్రాలని పేరు పెట్టుకున్నారు. శ్రీరంగాపూర్ గుడి పక్కనున్న రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం ఆ కోవలోవే. చెరువు కింద వరి, మిగతా అంతా జొన్న, పల్లి. శిస్తు వసూలు చేసి నిజాంకు పేష్కష్ కట్టడం, మిగిలిన దాంతో సంస్థానం నడపడం, కవి పండితులకు సన్మానాలు చేయడం: 1949లో జాగీర్ల రద్దు దాకా లెక్క ఇదే. సన్మానాల కథలు మన సాహిత్య చరిత్రలో బోలెడు. శిస్తు కట్టిన రైతు కథే దొరకదు.

చెరువులు ఎండిన ఏడాది ఊరు ఖాళీ అయ్యేది. పాలమూరు లేబరు దేశమంతా తెలిసిన మాటైంది అలాగే. గుంపు మేస్త్రీ పండుగకు ముందో, పెళ్లి ఖర్చుకో డబ్బు చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా ఇంటిల్లిపాదీ డ్యాముల దగ్గర, కాలువ గట్ల మీద మట్టి మోసేవాళ్లు. ఫిలిప్పీన్స్‌లోనూ అచ్చం ఇదే పద్ధతి ఉంది. నీగ్రోస్ దీవి చెరకు తోటలకు యాంటికె ప్రావిన్సు నుంచి కూలీలు వలస వెళ్తారు. వాళ్లను సకాడాలంటారు. కాంట్రాక్టరు ముందే అడ్వాన్సు ఇచ్చి తోలుకుపోతాడు. అయితే అక్కడ చెరకు సొమ్ముతో బకోలోడ్, సిలాయ్ పట్టణాల్లో జమీందార్ల మేడలు లేచాయి. మన కూలీ చెమటతో లేచిన డ్యాములు మాత్రం చాలావరకు పరాయి జిల్లాల్లో ఉన్నాయి.

తర్వాత నీళ్లూ వచ్చాయి. 1981లో పునాదిరాయి పడ్డ జూరాల ప్రాజెక్టు దాదాపు లక్ష ఎకరాలకు నీళ్లివ్వడానికి ఉద్దేశించినది. రంగసముద్రం, శంకరసముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల రిజర్వాయర్లు. కల్వకుర్తి పథకంలో శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడు మెట్లుగా పైకి ఎత్తి నాగర్‌కర్నూల్ వైపు వదులుతున్నారు. అదే శ్రీశైలం జలాశయం కింద 1980లలో కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగిపోయాయి. ఊళ్లు ముంచిన నీళ్లు చేలకు రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

నీళ్లొచ్చాక వలస తగ్గింది, అడ్వాన్సు మాత్రం చేతులు మారింది. నడిగడ్డలో విత్తనం కోసం పండించే సీడు పత్తి చూడండి. సాయంత్రం పూట ఆడ మొక్కల సాళ్లలో మర్నాడు విచ్చే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడి తిత్తులూ ఒలిచేస్తారు. లోపలి కీలాగ్రం దెబ్బ తినకూడదు. గుర్తుకు రంగు కాగితం తగిలిస్తారు. పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును నాలుగైదు మొగ్గలకు రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. నెలల తరబడి రోజూ ఇదే పని. చిన్న చేతులైతే బాగా కుదురుతుందని ఆడపిల్లల బడి మాన్పించి దింపిన పాడు చరిత్ర కూడా దీనికుంది.

మూల విత్తనం కంపెనీది. దాన్ని రైతుకు చేర్చేది, పెట్టుబడి అప్పిచ్చేది ఆర్గనైజరు. పంటయ్యాక వడ్డీతో సహా పట్టుకునేదీ అతనే. స్వచ్ఛత తేల్చే జీవోటీ పరీక్షలో విత్తనం ఫెయిలైందంటే నష్టం రైతు నెత్తినే పడుతుంది. చాలామందికి కంపెనీతో ఒప్పందం రాసుకున్న కాగితమే ఉండదు.

గద్వాల మగ్గం మీదా ఇదే బాపతు. చీర నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా పెనవేసే కుప్పడం నేత అందరికీ చేతకాదు. అయినా పట్టూ జరీ తెచ్చిచ్చేది మాస్టర్ వీవరు, నేతగానికి మిగిలేది మజూరీ. వనపర్తి మార్కెట్ యార్డుకు యాసంగి పల్లి తెచ్చే రైతు చాలాసార్లు విత్తేనాడే ఆడ్తిదారు దగ్గర డబ్బు వాడుకుని ఉంటాడు. ఇక ధర బేరమాడే నోరెక్కడిది? నాగర్‌కర్నూల్ వైపు కొల్లాపూర్ మామిడి తోటలు సైతం పూత మీదుండగానే బేరగాళ్ల పాలవుతాయి.

అడ్వాన్సు తప్పని నేననను. బ్యాంకు చూడని కౌలు రైతును చూసింది ఈ మధ్యవర్తే. కానీ మూడు ఊళ్లలోనూ ఇప్పుడు కలెక్టరేట్లున్నాయి. సీడు పత్తి కంపెనీ ప్రతి రైతుతోనూ నేరుగా, తెలుగులో ఒప్పందం రాసుకోవాలి, జీవోటీ నివేదిక నకలు రైతు చేతికివ్వాలి. ముందుగా గద్వాల కలెక్టరేట్ ఈ పని చేయించాలి.