వంతెన కింద మట్టిగూడు

దక్షిణాఫ్రికా గడ్డిమైదానాల గుండా సాగే రోడ్ల మీద చిన్న వంతెనల అడుగున వందలకొద్దీ మట్టిగూళ్లు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. కట్టేది కొండచరియ వానకోవెల. 1850లో స్వీడన్ శాస్త్రవేత్త సుండెవాల్ దీన్ని తొలిసారి వర్ణించాడు. వీపు నీలి నలుపు, నడుం దగ్గర లేత ఇటుక రంగు, గొంతు మీద మచ్చలు; తోక కత్తెరలా చీలదు, చివర దాదాపు చదునుగా ఉంటుంది. ఇది మనిషి కట్టడాల మీద బతికే పక్షి అని చాలామంది అనుకుంటారు. కానీ వంతెన దానికి చోటు మాత్రమే ఇచ్చింది. గూడు కట్టే నేర్పు అంతకంటే ఎంతో పాతది, ఆఫ్రికాలో పెరిగినది.

1993లో వింక్లర్, షెల్డన్ అనే శాస్త్రవేత్తలు వానకోవెలల డీఎన్ఏ పోల్చి వంశవృక్షం గీశారు. గట్లలో బొరియలు తవ్వడం ఈ కుటుంబపు తొలి అలవాటని తేలింది. మట్టితో కట్టేవన్నీ ఒకే కొమ్మకు చెందినవి. మొదట దొప్పలాంటి గూడు, ఆ తర్వాత పూర్తిగా మూసిన గూడు వచ్చాయి. ఈ కొమ్మ ఎక్కువగా ఆఫ్రికాలోనే, వాతావరణం ఎండుతున్న కాలంలో, చీలికలు వేసిందని వారి నిర్ధారణ. మట్టి అంతటా దొరికేదే కదా, ఏ పక్షికాపక్షి విడిగా నేర్చుకుని ఉండవచ్చు కదా అని అడగవచ్చు. అలాగైతే మట్టిగూళ్లు వంశవృక్షంలో తలో కొమ్మ మీదా కనిపించాలి. పైగా అది తేలిక పని కాదు: జంట ముక్కులతో తడిమట్టి ముద్దలు తెచ్చి వరస పేర్చాలి, అది ఆరాకే పై వరస ఎత్తాలి. గూడు మూతపడ్డాకే గోడకు గోడ ఆనించి గుంపుగా బతకడం సాధ్యమైంది.

వంతెనలు లేకుంటే ఇంత దూరం వ్యాపించేదా? లేదు, అది ఒప్పుకోవాల్సిందే. వాన తగలని చూరు, దగ్గర్లో తడిమట్టి, పురుగులు ఎగిరే బయలు దానికి కావాలి. ఒకప్పుడు ఈ మూడూ కొండచరియల దగ్గరే దొరికేవి, ఇప్పుడు వాగు మీది ప్రతి వంతెనా ఇస్తోంది. విస్తరణ మనిషి వల్ల జరిగింది, విద్య మాత్రం వంశానిది. తెలుగునాట వంతెనల కింద గుంపులుగా గూళ్లు కట్టే గీతల గొంతు వానకోవెలదీ ఇదే ప్రజాతి. అందుకే ఆ మట్టిని చెత్తగా చూసి గీకేయడం తప్పు. దక్షిణాఫ్రికాలోని ఈ పక్షులు అక్కడి చలికాలాన్ని కాంగో పరీవాహకంలో గడుపుతాయి. అక్కడి వంతెనల మరమ్మతు ఆ నెలల్లో చేపడితే గుడ్లూ పిల్లలూ దక్కుతాయి.