హామీ సంతకం: అర్ధవీడు ఉద్యోగస్తుల మధ్యతరగతి

తెలుగు మధ్యతరగతి పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంటే మన పరిశోధకులు ఇప్పటికీ ధవళేశ్వరం నుంచే మొదలుపెడతారు. 1852 నాటికి గోదావరి ఆనకట్ట, మరో మూడేళ్లకు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట, వరి మిగులు, ఆ మిగులుతో పిల్లల చదువు, పట్నంలో మేడ. ఈ వరసలో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు మెట్ట మండలమైన అర్ధవీడుకు చోటు లేదు. కాలువ పారని చోట మధ్యతరగతి ఎలా నిలబడిందని అడిగినవారు నాకు కనబడలేదు.

ఈ ధోరణికి పెద్ద దన్ను కరోల్ ఉపాధ్య 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన కోస్తా రైతు పెట్టుబడిదారుల అధ్యయనం. డెల్టా సేద్యంలో మిగిలిన డబ్బు పట్నం చేరి వ్యాపారంగా, చదువుగా మారిన తీరును ఆమె శ్రద్ధగా చూపారు. నా పేచీ ఆ నమూనా హద్దుతో. ప్రకాశం జిల్లాను కోస్తాలో కలిపి లెక్కించడం అందరికీ అలవాటైపోయింది. కానీ 1970లో ఆ జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, దాని కాకర్ల గ్యాప్ అర్ధవీడు మండలంలోనే ఉంది, అయినా ఒక తరమంతా కాలువ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే పెరిగింది. వాననూ బోరునూ నమ్ముకున్న ఈ మెట్టను డెల్టా కొలతతో కొలిస్తే, ఇక్కడి మధ్యతరగతి డెల్టాను ఆలస్యంగా అనుకరించినట్టు కనిపిస్తుంది. దాని పునాది నెల జీతంలో ఉందన్నది నా వాదన.

ఉపాధ్యాయ శిక్షణకు టీటీసీ చేసి, టీచరు కొలువుకు డీఎస్సీ రాయడం ఇక్కడి మెట్ట రైతుల కొడుకులకు, తర్వాత కూతుళ్లకు పరిచితమైన దారి. ఆ దారి మీద ఎంత నమ్మకమో 1998 డీఎస్సీ చెబుతుంది. నాడు అర్హత సాధించి ఉద్యోగం రానివారిని తీసుకోవడానికి ప్రభుత్వం 2022లో ఒప్పుకుంటే, యాభై దాటినవాళ్లు సైతం మినిమం టైం స్కేలుకు బడుల్లో చేరారు.

ఈ జీతం మీద నిలిచిన విలువలేవి? పొదుపు, చదువు, పరువు అని రాసుకుపోవచ్చు. క్షేత్ర పర్యటనల్లో వీటికన్నా ముందు నా చెవిన పడిన మాట హామీ. చిట్‌ఫండ్ కంపెనీలో చీటీ పాడుకున్నవాడు డబ్బు చేతికి తీసుకోవాలంటే సాధారణంగా ప్రభుత్వ ఉద్యోగులతో హామీ సంతకాలు పెట్టించాలి, వాళ్ల జీతం సర్టిఫికెట్లు జత చేయాలి. పాడినవాడు వాయిదాలు ఎగ్గొడితే నోటీసు హామీదారు ఇంటికి వస్తుంది. చివరికి కోత అతని జీతంలో పడుతుంది. మెట్ట పొలం పాసుపుస్తకానికి రాని విలువ ఆ సంతకానికి ఉంది. కూతురి పెళ్లి పెట్టుకున్న బావమరిది, కొడుకును గుంటూరు కాలేజీలో చేర్చబోయే తోటి టీచరు, కొత్త బోరు వేయించే చిన్నాన్న, అందరూ వచ్చేది ఆ ఉద్యోగి ఇంటికే.

అడగడానికీ ఒక మర్యాద ఉంది. బడిలో అడగరు. ఆదివారం పొద్దున, ఇల్లాలు కూడా ఇంట్లో ఉన్నప్పుడు వస్తారు. వానల సంగతి, పిల్లల మార్కుల సంగతి అయ్యాక, టీ తాగాక, కాగితం బయటికి తీస్తారు. ఆ ఉద్యోగి వెంటనే ఒప్పుకోడు, కాదనడు, భార్య వైపు చూస్తాడు. తమకు ఎప్పుడు, ఎవరు సంతకం పెట్టారో ఆమెకు కంఠతా వచ్చు. తమ ఇల్లు కట్టేటప్పుడు హామీ ఉన్నవాడికి ఈసారి లేదని చెప్పడం కుదరదు. సంబంధాలు చూసేటప్పుడు కూడా అబ్బాయి జీతమెంతో అడిగి ఊరుకోరు, ఎన్నిచోట్ల హామీ ఉన్నాడో ఆరా తీస్తారు. అప్పు లేనివాడికన్నా, పదిమంది అప్పును మోయగలిగీ నలగనివాడికి ఇక్కడ గౌరవం ఎక్కువ.

మార్కాపురం పలకల వ్యాపారులు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ జీతాలు తీసుకునే పిల్లలు ఈ చట్రంలో ఇమడరన్న అభ్యంతరం ఉంది గానీ, వాళ్ల ఇళ్లలోనూ చీటీ పాడినప్పుడు ఒక టీచరు సంతకం కోసం వెతుక్కున్నవారే ఎక్కువ.

మధ్యతరగతి అంటే ఎవరి కొంప వారిదని, కొనుగోళ్ల మోజని చేసే నిర్ధారణ ఇక్కడ చెల్లదని దీన్నిబట్టి చెప్పవచ్చు. ప్లాట్ల కొనుగోలే చూడండి. 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవారికి పాత పింఛను లేదు. మూలవేతనం, కరువుభత్యం మీద పది శాతం కాంట్రిబ్యూటరీ పింఛను పథకానికి (సీపీఎస్) పోతుంది. ఆ తరం కంభంలో, మార్కాపురంలో, ఒంగోలులో ప్లాట్ల కోసం తిరుగుతుంటే మన పరిశోధకులకు అది ఆశగా కనిపిస్తుంది. వాళ్లు వెతుక్కుంటున్నది పోయిన పింఛనును. ఆ ప్లాటు డబ్బూ చీటీ నుంచే వస్తుంది, ఆ చీటీకీ సంతకాలు కావాలి.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు చేరిన కుర్రాళ్లు నెలకు పదిహేను వేలతో ప్రొబేషన్‌లో గడిపారు. అన్నాళ్లూ వాళ్ల దగ్గరికి ఎవరూ కాగితం తేలేదట. 2022లో ప్రొబేషన్ ఖరారై స్కేలు వచ్చాక, బంధువులు ఆదివారాలు ఆ ఇళ్లకూ రావడం మొదలుపెట్టారు.