రెల్లుకలము – గంటము

మన పూర్వులకు వ్రాతపనిముట్లు చాలవఱకు నింటనే సమకూడుచుండెను. దడినుండి లాగిన రెల్లుపుల్లను ఏటవాలుగఁ జెక్కి, మొనను నడుమఁ జీల్చినఁ గలమగును. దీపపుమసిని తుమ్మజిగురునీటితో నూఱిన సిరా యగును. ఈ సిరా కాగితముపై నిలుచునుగాని నీరు సోఁకినఁ జెదరిపోవును.

గంటపువ్రాత యట్టిది గాదు. ఇనుపమొన తాటియాకును గీయును. మసి పిమ్మటఁ బూయఁబడి గీఁతలలో నిలుచును. మసి రాలినను గీఁత చెడదు. మరలఁ బూసిన నక్షరము గనఁబడును.

సి. పి. బ్రౌను (1798–1884) కడపలోఁ బండితులచేఁ బెక్కు తాళపత్రగ్రంథములకుఁ గాగితపుఁబ్రతులు వ్రాయించెను. కాగితపుఁబ్రతిలో సిరా చెదరి పాఠము సందిగ్ధమైనచో, మూలమగు తాళపత్రము దొరకునేని, అది వెలవెలఁబోయినదని విడువరాదు. గంటపుగీఁతకు మసి పూసి చూడక, 'ఇచట గ్రంథపాతము' అని పరిష్కర్త వ్రాయరాదు.